వయొలిన్‌తో జీవనం సాగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. తొమ్మిదేళ్లుగా ఒకే గురువుగారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఇంజినీరింగులో చేరనని, సంగీతాన్నే వృత్తిగా తీసుకుంటానని అంటున్నాడు. వాళ్ల నాన్నగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. వాడు సంగీతంతో బతకగలడా? ఏ చదువులో చేర్పించమంటారు? (ఒక తల్లి, గుంటూరు)

సమాధానం: అమ్మా, బతకగలడు. అయితే కచేరీల సంభావనల మీదనే బతకగలడని నేను చెప్పలేను. మన ప్రాంతపు వయొలిన్ విద్వాంసులు కూడా అలా బతికినవారు కారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో అక్కడే ప్రిన్సిపల్ అయ్యారు. వయొలిన్‌కు సోలో కచేరీ గౌరవం తెచ్చిన ఆయన కీర్తి వెనుక నెలనెలా వచ్చిన ఆ జీతం, పాఠం చెబుతూనే సాగిన ఆ సాధన ఉన్నాయి. విజయవాడ అన్నవరపు రామస్వామిగారు, 2021లో పద్మశ్రీ అందుకునేనాటికే తొంభై దాటిన ఆ విద్వాంసులు, ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో దశాబ్దాలపాటు ఉద్యోగం చేస్తూనే మహామహులకు పక్కవాద్యం వాయించారు. ఆకాశవాణిలో అలాంటి నిలయ విద్వాంసుల నియామకాలు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి కనుక, ఆ ఒక్క జీతం ఇచ్చిన ఆసరాను మీ అబ్బాయి మూడు నాలుగు చోట్ల నుంచి కూడగట్టుకోవలసి ఉంటుంది.

అందులో మొదటిది పక్కవాద్యం. వయొలిన్ నేర్చినవారికి ఇది గాయకులకు లేని అవకాశం. ఒక ఊళ్లో పదిమంది పాడేవారుంటే ఆ పదిమందికీ వయొలిన్ కావాలి. కాని పక్కవాద్యానికి పిలుపు వచ్చేది నేర్చుకున్న కీర్తనల సంఖ్యను బట్టి కాదు. గాయకుడు ఎత్తుకున్న రాగాన్ని రెండు మూడు సంచారాల్లోనే, అంటే ఆ రాగపు స్వరాల నడకల్లోనే, పట్టుకోవడం, తెలియని కీర్తన ఎదురైనా సాహిత్యం వెంట నడవడం, అప్పటికప్పుడు కల్పించి పాడే కల్పనస్వరాల్లో ఆయనను మించాలని చూడకుండా సమానంగా జవాబివ్వడం, ఆడ గొంతుకూ మగ గొంతుకూ తగినట్లు శ్రుతి మార్చుకుని అపస్వరం లేకుండా నిలబడడం, వీటన్నిటితోపాటు చెప్పిన వేళకు వేదిక దగ్గర ఉండడం చూసి రెండోసారి పిలుస్తారు. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, విద్య ఉండీ ఈ ఒక్క లోపంతో వెనకబడిపోయిన యువకులను నేను చూశాను. ఈ శక్తి మీ అబ్బాయికి ఎంత ఉందో తెలుసుకోవడానికి మార్గం ఒక్కటే. పరీక్షలు పూర్తయిన తరువాత కొన్ని నెలలపాటు శ్రీరామనవమి పందిళ్లలోను, ఆలయ ఉత్సవాలలోను తన ఈడు గాయకులకు వాయించనివ్వండి. ఆ తరువాత గురువుగారి అభిప్రాయంతోపాటు, అబ్బాయితో పరిచయం లేని మరొక విద్వాంసుని అభిప్రాయం కూడా అడగండి. తొమ్మిదేళ్లు పెంచిన గురువుకు ఉండే వాత్సల్యం అప్పుడప్పుడు నిజానికి అడ్డు వస్తుంది.

ఆకాశవాణి ఆడిషన్‌ను ఇప్పటికీ తక్కువగా చూడవద్దని నా మనవి. వాయించింది విని ఇచ్చే, బి గ్రేడుతో మొదలై బి-హై, ఎ, టాప్ వరకు ఉండే ఆ మెట్లు రేడియో కార్యక్రమాల పారితోషికానికి మాత్రమే పనికివచ్చేవి కావు. మిమ్మల్ని ఎన్నడూ విననివారు, ముఖ్యంగా ఇతర రాష్ట్రాల సభల నిర్వాహకులు, మీ స్థాయిని అంచనా వేసేది చాలాసార్లు ఆ గ్రేడు చూసే.

రెండో ఆధారం బోధన. అమెరికాలోని తెలుగు కుటుంబాలు పిల్లలకు ఇక్కడి గురువుల చేత ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పించుకుంటున్నాయి. నేర్చుకోవడం ఇంకా పూర్తికాని పద్దెనిమిదేళ్ల వయసులో ఈ ఆదాయానికి ఆశపడితే వచ్చే నష్టాన్ని మాత్రం ముందే తెలుసుకోవాలి. అక్కడి సాయంత్రం మనకు తెల్లవారుజాము, అక్కడి ఉదయం మనకు సాయంత్రం. ఆ రెండూ సాధనకు అనువైన వేళలే. వారానికి ఆరేడు గంటలకు మించి పాఠాలు పెట్టుకోకుండా మొదటి నాలుగేళ్లు మీరే కట్టడి చేయండి.

సినిమా రికార్డింగుల గురించి మీరు అడగలేదు గాని, అబ్బాయి మనసులో ఆ ఆశ ఉండే ఉంటుంది. స్ట్రింగ్స్ (తీగవాద్యాల) విభాగంలో కూర్చోవాలంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్ చూసి అప్పటికప్పుడు వాయించగలగాలి. వయొలిన్ల గుంపు చేసే పనిలో చాలా భాగాన్ని ఇప్పుడు కీబోర్డు ప్రోగ్రామర్లు చేస్తున్నారు కనుక దీన్ని ప్రధాన ఆదాయంగా లెక్కవేయకూడదు. నొటేషన్ నేర్చుకోవడం మాత్రం వృథా కాదు.

ఇక చదువు సంగతి. ఇంజినీరింగును కేవలం ధైర్యం కోసం చేర్పించడం నాకు సమ్మతం కాదు. పదిహేడు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య రోజుకు ఐదు గంటల సాధన సాగితేనే చేయి నిలబడుతుంది. హాజరుతోను, ల్యాబులతోను నిండిన ఆ నాలుగేళ్లు సరిగ్గా ఆ గంటలనే తీసుకుంటాయి. అలాగని డిగ్రీ మానివేయడం ఇంకా పెద్ద పొరపాటు. మీ ఊళ్లోనే ఒక బీఏ గాని బీకాం గాని చదువుతూ, సంగీత కళాశాల డిప్లొమా పూర్తిచేసి, ఆ తరువాత సంగీతంలో ఎంఏ చేయడం నేను సూచించే దారి. కళాశాల అధ్యాపకుల అర్హతకు పెట్టే నెట్ పరీక్షలో సంగీతం ఒక సబ్జెక్టుగా ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం ఉపాధ్యాయుల పోస్టులున్నాయి. ఇలాంటి తలుపులన్నీ డిగ్రీ ఉన్నవారికే తెరుచుకుంటాయి. మీవారికి ముందుగా చెప్పవలసింది కూడా ఈ మాటే. ఆయన భయపడుతున్నది సంగీతాన్ని చూసి కాకపోవచ్చు, చేతిలో ఏ పట్టా లేకుండా మిగిలిపోతాడేమోనని కావచ్చు.

సొంతంగా స్వరపరచి రికార్డు చేసే రోజు వస్తే హక్కుల సంగతి తెలిసి ఉండాలి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, పాట రాసినవారు, స్వరపరచినవారు తమకు రావలసిన రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకుంటున్నామని ఒప్పందంలో సంతకం చేసినా అది చెల్లదు. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 నుంచి ఉంది. స్వరకర్త అందులో సభ్యుడిగా చేరి తన రచనలను నమోదు చేసుకోవాలి. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామివారి కృతుల మీద ఎవరికీ కాపీరైట్ లేదు గాని, వాటిని ఒక కంపెనీ చేసిన రికార్డింగు మీద ఆ కంపెనీకి హక్కు ఉంటుంది. అందువల్ల మీ అబ్బాయి స్వయంగా వాయించిన కృతిని యూట్యూబ్‌లో పెట్టినప్పుడు కూడా, అది ఆ కంపెనీ రికార్డింగేనని పొరబడి కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. బెదిరిపోయి వీడియో తీసివేయకుండా, వాయించింది తానేనని, కృతి కాపీరైట్ లేనిదని తెలియజేస్తూ అభ్యంతరం పెట్టుకోవాలి.

సంభావన ఎంతో ముందే మాట్లాడుకోవడం మర్యాద తక్కువ పనిగా మన ఇళ్లలో భావిస్తారు. నేను అలా అనుకోను. తేదీ, సమయం, ప్రయాణ ఖర్చు, సంభావన, ఈ నాలుగూ ఒక వాట్సాప్ సందేశంగానైనా రాతలో ఉండాలి. దసరా నుంచి శ్రీరామనవమి దాకా వరుసగా పిలుపులు వచ్చి, ఆషాఢంలో ఒక్కటీ రాకపోవడం ఈ వృత్తిలో మామూలే. అందువల్ల వచ్చిన ప్రతి రూపాయినీ ఒక పుస్తకంలో రాసుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. దానికి కనీసం ఐదేళ్లు గురువు దగ్గర గాని సంస్థలో గాని శిక్షణ పొంది ఉండాలి. మీ అబ్బాయికి ఆ అర్హత ఉంది. అతనికి పద్దెనిమిదేళ్లు నిండేలోగా, ఏ సంవత్సరం నుంచి నేర్పుతున్నారో తెలిపే ధ్రువపత్రాన్ని గురువుగారి చేత సంతకం చేయించి దగ్గర ఉంచుకోండి.