మూడో పేరాలో ఆ ‘కాబట్టి’

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘లాక్‌డౌన్ పెట్టని స్వీడన్ బయటపడింది, పెట్టిన పెరూ కుప్పకూలింది, కాబట్టి లాక్‌డౌన్లు దండగ’ అన్న మూడో పేరా దగ్గర ఆగిపోయాను. మొదటి రెండు ముక్కలకూ ఎంతో కొంత ఆధారం ఉంది. ఆ ‘కాబట్టి’ మాత్రం పూర్తిగా నీ సొంతం.

2020 చివరికి స్వీడన్‌లో కోవిడ్ మరణాలు, జనాభా లెక్కన, పక్కనే ఉన్న నార్వే కంటే దాదాపు పది రెట్లు. అదే 2020 నుంచి 2022 దాకా అదనపు మరణాలు తీస్తే, అంటే మామూలు ఏళ్లలో పోయేవాళ్లకంటే ఎంతమంది ఎక్కువ పోయారో చూస్తే, చాలా లెక్కల్లో స్వీడన్ యూరప్‌లో తక్కువ నష్టపోయిన దేశాల సరసన చేరుతుంది. ఏ దేశం పక్కన నిలబెట్టావు, ఏ తేదీ దగ్గర ఆపావు అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. నువ్వు ఆ రెండూ చెప్పలేదు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 2020 వేసవిలో, తొందరగా తలుపులు మూసి మాస్కులు తొడిగించిందని చెక్ దేశాన్ని తెగ మెచ్చుకుంటూ రాశాను. 2021 మార్చికల్లా జనాభా లెక్కన మరణాల్లో అది ప్రపంచంలోనే పై వరసలో ఉంది. ఆ వ్యాసం ఇప్పటికీ ఎవరైనా గుర్తుచేస్తే టెన్షనే.

ఇక పెరూ. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. 2020 మార్చి 16న, బ్రిటన్ కంటే వారం ముందే, అక్కడ దేశమంతా మూసేశారు. కానీ పనిచేసేవాళ్లలో పదికి ఏడుగురు ఏ రోజుకారోజు సంపాదించుకునే అసంఘటిత కార్మికులు. చాలా ఇళ్లలో ఫ్రిజ్ లేదు, సరుకుల కోసం మాటిమాటికీ మార్కెట్‌కి వెళ్లాల్సిందే. సాయం డబ్బుల కోసం బ్యాంకుల ముందు బారులు తీరారు. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ చాల్లేదు. ఉత్తర్వు కఠినమైనదే, దాన్ని పాటించే స్తోమత జనానికి లేదు. పైగా 2021 మే 31న ప్రభుత్వం మృతుల లెక్కను 69,342 నుంచి ఒక్కసారిగా 1,80,764కు సవరించింది. ముందురోజు పోలిక రాసినవాడి చేతిలో సగం లెక్క కూడా లేదన్నమాట.

లెక్క తేడా ఒక్క పెరూదే కాదు. బెల్జియం పరీక్ష చేయని వృద్ధాశ్రమ మరణాలనూ అనుమానం మీదే కోవిడ్ ఖాతాలో వేసింది. 2020, 2021 రెండేళ్లకు ప్రపంచంలో నమోదైనవి సుమారు 54 లక్షల మరణాలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అదనపు మరణాల అంచనా కోటీ 49 లక్షలు. అంచనాయే అనుకో. అయినా పోలికకు ఇదే నయం, వయసు తేడాలు కూడా సరిచూసుకుంటే.

ఇంకో చిక్కుంది. చావులు పెరిగాకే చాలా ప్రభుత్వాలు కఠినమయ్యాయి. జబ్బు ముదిరిన ఇంటికే డాక్టరు ఎక్కువసార్లు వస్తాడు. వచ్చిన ఇళ్లలోనే చావులు ఎక్కువని ఆయన్ని తప్పుపడతామా?

స్వీడన్ ఏమీ చెయ్యలేదన్న మాట కూడా కొట్టెయ్. 2020 మార్చి నెలాఖరుకే 50 మందికి మించి గుమికూడటాన్ని నిషేధించింది, ఏప్రిల్ 1 నుంచి వృద్ధాశ్రమాలకు సందర్శకులను ఆపేసింది.

పెరూ భాగం పెంచి, ఆ పేరా తిరగరాసి పంపు. శీర్షిక చివర మూడు ఆశ్చర్యార్థకాలు కూడా తీసేయ్.