రెండు దేశాలకు ఒకే వ్యాసం సరిపోతుందా?

ప్రశ్న: ఈ ఏడాదితో నా పాఠశాల చదువు పూర్తవుతుంది. బ్రిటన్, అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. రెండింటికీ ఒకే వ్యాసం పంపవచ్చా? ముందుగా ఏ పని మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: అలా పంపకండి, రెండు చోట్లా అడిగేది వేరు. బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులు ప్రధానంగా యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా వెళ్తాయి. అందులో 5 ఎంపికల వరకు పెట్టుకోవచ్చు కానీ, అన్నింటికీ వెళ్లే వ్యక్తిగత వివరణ ఒక్కటే. 2026 ప్రవేశాల నుంచి దానిని మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి: ఈ కోర్సునే ఎందుకు కోరుకుంటున్నారు, మీ చదువు మిమ్మల్ని దానికి ఎలా సిద్ధం చేసింది, తరగతి గది బయట అందుకోసం ఇంకేం చేశారు. ఖాళీలతో కలిపి మొత్తం 4,000 అక్షరాలు దాటకూడదు. కనుక ఆ సబ్జెక్టుతో సంబంధం లేని బహుమతుల జాబితాకు అందులో చోటివ్వకండి. చదివిన ఒక అంశం మీలో ఏ ఆలోచన రేపిందో వివరించడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

అమెరికాలో అనేక కళాశాలలు స్వీకరించే కామన్ అప్లికేషన్ వ్యాసానికి పరిమితి 650 పదాలు. అందులో సబ్జెక్టు కన్నా మీ వ్యక్తిత్వం, ఆలోచనా తీరు కనిపించాలి.

ఇక ముందుగా చేయవలసింది వ్యాసరచన కాదు, సిఫారసు లేఖ కోసం ఉపాధ్యాయులను అడగడం. ఎందుకంటే దరఖాస్తులో మీ చేతిలో లేని భాగం అదే. వారికి కొన్ని వారాల వ్యవధి ఇవ్వడం మర్యాద కూడా. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకూ, బ్రిటన్‌లోని చాలా వైద్య కోర్సులకూ గడువు అక్టోబరు మధ్యలోనే ముగుస్తుంది. మార్కుల పత్రాల్లోనూ పాస్‌పోర్టులోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే సరిచూసుకోండి.