రామ్ఫోరింకస్ ఏం తినేదో, ఎలా ఎగిరేదో శిలాజాలు చూసి ఎలా చెబుతారు?

ముందుగా ఒక మాట: రామ్ఫోరింకస్ డైనోసార్ కాదు, దాని దగ్గరి చుట్టం. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి ఎగిరే సరీసృపం. దీని శిలాజాలు ఎక్కువగా జర్మనీలోని బవేరియాలో, సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో దొరికాయి. ఉప్పునీటి మడుగుల అడుగున మెత్తటి సున్నపు బురదలో కూరుకుపోవడం వల్ల ఎముకలే కాదు, రెక్కల పొర, తోక చివర ఆకులాంటి చర్మం కూడా రాతిలో అచ్చు పడ్డాయి. రెక్క పొరలో సన్నని పోగులు కనిపిస్తాయి. అంటే అది వదులుగా వేలాడే చర్మం కాదు, లోపలినుంచి బిగువు ఉన్న రెక్క.

ఇక తిండి సంగతి. ముందుకు పొడుచుకొచ్చిన, ఒకదాని సందులో ఒకటి ఇమిడే పళ్లను చూస్తేనే చేపలు పట్టేదని అనుమానం వస్తుంది. 2012లో వివరించిన ఒక శిలాజం నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపిస్తుంది. అందులో రామ్ఫోరింకస్ గొంతులో ఇంకా కడుపులోకి దిగని చిన్న చేప ఉంది. అదే సమయంలో ఆస్పిడోరింకస్ అనే పెద్ద చేప దాని ఎడమ రెక్కను నోట కరుచుకుంది. రెక్క పొర పళ్లకు చిక్కుకుని విడిపించుకోలేక రెండూ చచ్చిపోయి ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం.

ఒకప్పుడు సైజు తేడాలు చూసి వీటిని చాలా జాతులుగా లెక్కేశారు. 1995లో శిలాజ పరిశోధకుడు క్రిస్ బెన్నెట్ కొలతలు పోల్చి, అవి ఒకే జాతి పిల్లలూ పెద్దలూ అని చూపించారు.