రెండు చెక్క ఫ్లోర్ల మధ్య ఎత్తు తేడా ఉంటే గుమ్మంలో ఏ పట్టీ వేయాలి?

హాల్లో ఇంజనీర్డ్ వుడ్, బెడ్‌రూమ్‌లో ల్యామినేట్, మధ్యలో 7 మి.మీ. దాకా తేడా, పైగా ఇంట్లో పెద్దవాళ్లున్నారు అని రాశారు. హైదరాబాద్ నిజాంపేటలో మా ఫ్లాట్‌ది కూడా ఇదే పరిస్థితి. మేము మొదట వేరే పట్టీ వేయించి, దెబ్బ తగిలాక మార్చాం.

మా హాల్లో చెక్క మందం 15 మి.మీ., కింద పరిచిన ఫోమ్ 3. బెడ్‌రూమ్‌లో ల్యామినేట్ 8, ఫోమ్ 2. అంటే తేడా 8 మి.మీ. రంగు బాగా కలిసిందని కార్పెంటర్ టీ ప్రొఫైల్, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండే పట్టీ, బిగించి వెళ్లాడు. దాని రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఫ్లోర్లు సమానంగా ఉంటే, మహా అయితే 2 మి.మీ. తేడా ఉంటే అది సరిపోతుంది. మా ఇంట్లో ఒక రెక్క హాలు మీద ఆనింది, రెండోది బెడ్‌రూమ్ వైపు గాల్లో ఉండిపోయింది. రాత్రి మంచినీళ్లకని లేచిన అమ్మ బొటనవేలు ఆ అంచుకే తగిలి గోరు లేచిపోయింది. కింద పడకపోవడం మా అదృష్టం.

గడప ఉంటే కాలు దానంతటదే లేస్తుంది, పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. ఈ 8 మి.మీ. కంటికి ఆనదు. అందుకే షాపులో ఎంత చెప్పినా ఫ్లోర్ రంగులో కలిసిపోయే పట్టీ తీసుకోవద్దని నా మాట. కొంచెం తేడాగా కనిపించే రంగు తీసుకోండి.

మీకు కావలసింది రెడ్యూసర్, అంటే ఒక అంచు ఎత్తు ఫ్లోర్ మీద కూర్చుని, రెండోది వాలుగా దిగే పట్టీ. వాలు ఎంత పొడవుంటే అంత మంచిది. అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం పెట్టిన ప్రమాణాల ప్రకారం 6 నుంచి 13 మి.మీ. ఎత్తుకు 1:2 వాలు చాలు. వాకర్ తోసుకుంటూ వచ్చే మనిషికి అది నిటారుగానే ఉంటుందని నాకనిపించింది. అందుకే 8 మి.మీ. దిగడానికి 40 మి.మీ. వాలున్నది వెతికి తెచ్చాను. ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు నాలుగు షాపులు తిరిగితే అల్యూమినియంలో దొరుకుతాయి. ఎండీఎఫ్‌ది (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) వద్దు, రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో అంచులు ఉబ్బుతాయి.

వెళ్లేముందు తేడా మీరే కొలవండి. ఎత్తు ఫ్లోర్ మీద స్టీల్ స్కేలు ఆనించి, రెండో ఫ్లోర్ మీదికి చాచి, కింద సందు ఎంతో చూడండి. గుమ్మానికి రెండు చివర్లా, మధ్యలో కూడా చూడాలి. మాకు ఒక మూల 6 ఉంటే ఇంకో మూల 8 వచ్చింది. పైముక్క కాస్త వంగి సర్దుకునే రెండు ముక్కల ప్రొఫైల్ అయితే ఇలాంటి తేడాను మింగేస్తుంది.

ఇక బిగింపు. స్క్రూ కింద ఉన్న కాంక్రీటులోకో పాత టైల్‌లోకో దిగాలి, చెక్కలోకి మాత్రం కాదు. ఏప్రిల్, మే ఎండలకు చెక్క కుంచించుకుంటుంది, వానాకాలం తేమకు సాగుతుంది. పట్టీని రెండు వైపులా చెక్కకే బిగిస్తే అది కదలలేక ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది. స్క్రూకి అటూ ఇటూ 8-10 మి.మీ. ఖాళీ ఉంచమనండి, సిలికాన్‌తో నింపనివ్వకండి. డ్రిల్ చేసేముందు అక్కడ వైరు పైపు ఏదైనా వెళ్లిందేమో కనుక్కోండి.

పట్టీ మూసిన తలుపు కిందికి వచ్చేలా వేయించండి, అప్పుడు ఏ గదిలోంచి చూసినా ఆ గది ఫ్లోరే కనిపిస్తుంది. మాకైతే తలుపు రాసుకుంటే అడుగున చిత్రిక పట్టించాల్సి వచ్చింది. మీ తలుపు కింద సందు ఎంతుందో కొలిచి ఇక్కడ రాయండి, ఎంత ఎత్తు పట్టీ దాకా పడుతుందో చూసి చెబుతాను.