ఒక ఫోనూ ఒక ప్రొజెక్టరూ ఉంటే ఇంగ్లీష్ క్లాసులో ఏం చేయొచ్చు?

క్లాసులో 40 మంది పిల్లలు, ఒక ప్రొజెక్టర్, మీ సొంత ఫోన్. వీటితో ఇంగ్లీష్ నేర్పడానికి ఏ యాప్ మంచిదని అడిగారు. 12 ఏళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. ముందే కొత్త యాప్ ఏదీ వేయకండి, ఫోన్లో ఉన్న వాయిస్ రికార్డర్‌తో మొదలుపెట్టండి. నా క్లాసులో దానంత పని చేసింది ఇంకొకటి లేదు.

నోరు విప్పని అమ్మాయి ఒకతి ఉండేది. లేపి అడిగితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఓ రోజు ఫోన్ చేతికిచ్చి, బయట వరండాలో నిలబడి నిన్న ఏం చేశావో అర నిమిషం ఇంగ్లీషులో చెప్పి రమ్మన్నాను. పది నిమిషాలైనా రాలేదు. వెళ్లి చూస్తే, "మేడమ్, ఇది చెరిపేసి మళ్లీ చెప్పనా?" అంది. అప్పటికే ఏడుసార్లు చెరిపేసిందట! క్లాసులో ఒక్కసారి కూడా పలకని వాక్యాలను ఎవరూ చెప్పకుండానే ఏడుసార్లు చెప్పుకుంది. వినేవాళ్లు లేకపోతే పిల్లలకు టెన్షన్ ఉండదు. మనకు కావలసిన ప్రాక్టీసు ఆ చెరిపేసినవాటిలోనే ఉంది.

ఆ రికార్డింగులో తను 'walked'ను 'వాకెడ్' అంది. తప్పని చెప్పలేదు. పాఠంతో వచ్చిన ఆడియోలో అదే మాట ఉన్న చోటు వెతికి, స్పీడు 0.75కి తగ్గించి, తన గొంతు వెనకే వినిపించాను. రెండోసారికి పట్టేసింది: "చివర ఎడ్ లేదు మేడమ్, ట్ అంటున్నారు." అప్పుడు రూల్ చెప్పాను. ట్, డ్ శబ్దాలతో ముగిసే క్రియలకే వాంటెడ్, నీడెడ్ అని చివర విడిగా పలుకుతాం. మిగతావి వాక్ట్, ప్లేడ్ అని ముందున్న శబ్దంలో కలిసిపోతాయి. ఇదే రూల్ అంతకుముందు రెండుసార్లు బోర్డు మీద రాశాను, ఎవరికీ గుర్తులేదు.

ప్రొజెక్టర్ ఉంది కాబట్టి వాయిస్ టైపింగ్, అంటే మనం మాట్లాడింది ఫోనే అక్షరాల్లో రాసే సదుపాయం కూడా చూడండి. పిల్లలు 'షిప్' అన్నప్పుడు తెర మీద 'షీప్' పడితే తేడా వాళ్లకే తెలుస్తుంది. అయితే అది పక్క మాటలను బట్టి ఊహించి రాస్తుంది, కొన్ని యాసలను సరిగా పట్టుకోదు. తప్పు పడిన ప్రతిసారీ పిల్లలది తప్పని అనకండి. బాగా పలికినవాళ్లు కూడా చిన్నబుచ్చుకోవడం చూశాను.

క్విజ్‌లకు ప్లికర్స్ అనే యాప్ వాడతాను. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, కాగితం మీద ప్రింట్ తీసిన కార్డులు చాలు. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. మీ ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒక్కసారి స్కాన్ చేస్తే ఎవరు ఏం చెప్పారో మీకు కనిపిస్తుంది, పక్కవాళ్లకు తెలియదు. తొందరగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు వచ్చే ఆటలు మానేశాను. నెమ్మదిగా చదివే పిల్లలు ప్రశ్న పూర్తి కాకుండానే ఏదో ఒకటి నొక్కేస్తున్నారు.

వీడియో అయితే రెండు నిమిషాలు మించకూడదు. మొదట సబ్‌టైటిల్స్ లేకుండా, తర్వాత ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో వేయండి. తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే చదివేస్తారు, వినరు.

అనువాదం చేసే యాప్‌లు వద్దంటే ఇంట్లో ఎలాగూ వాడతారు. నేను క్లాసులోనే తెరిచి చూపిస్తాను. ఓ అబ్బాయి 'తాతయ్య మందు తాగారు' అని ఇస్తే, దగ్గు మందు కాస్తా సారాయి అయింది. ఏ మాట మారిస్తే అర్థం సరిగ్గా వస్తుందని ఆ రోజు పీరియడంతా వాళ్లే తర్జనభర్జన పడ్డారు. అంత శ్రద్ధగా వాక్యాన్ని చూడటం నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక జాగ్రత్త. పిల్లల గొంతులు ఏ గ్రూపులోనూ పెట్టకండి, రికార్డు చేసే ముందు తల్లిదండ్రులకు చెప్పండి. పాతవి చెరిపేస్తూ ఉండండి గానీ, ప్రతి ఒక్కరిదీ మొదటి రికార్డింగు మాత్రం దాచండి. మూడు నెలలయ్యాక ఎవరిది వాళ్లకు విడిగా వినిపించండి. "ఇది నేనేనా మేడమ్?" అని అడుగుతారు.