హోమ్ కేర్ నర్సుగా ఒక్కతే ఇళ్లకు: బెంగళూరు ఉద్యోగం ఒప్పుకునే ముందు

ప్రశ్న: మాది మదనపల్లె. మా అమ్మాయి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసింది. బెంగళూరులో ఒక హోమ్ కేర్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటానంటోంది. రోజుకు మూడు నాలుగు ఇళ్లకు ఒక్కతే పోవాలంట, అప్పుడప్పుడు 12 గంటల నైట్ డ్యూటీ కూడా పడుతుందంట. వచ్చే నెల జాయినింగ్. పంపించొచ్చా?

జవాబు: పంపించొచ్చు. కాకపోతే ముందు ఆ సంస్థను ఒక్క మాట అడగండి. "మా అమ్మాయి సాయంత్రం 6 గంటలకు ఒక ఇంట్లోంచి బయటికి రావాలి, రాలేదు. ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? వాళ్లు ఏం చేస్తారు?"

"మా స్టాఫ్‌కి ఇంతవరకు ఏమీ కాలేదండీ", "అంతా యాప్‌లో ఉంటుంది" అంటే ఆ జవాబు చాలదు. గేటు దగ్గర లొకేషన్ చూపించిన యాప్‌కి పద్నాలుగో అంతస్తులో, బేస్‌మెంట్‌లో సిగ్నల్ పోతే ఏమీ తెలియదు. గమనించడానికి ఒక మనిషి ఉండాలి. ఇంట్లోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చాక అమ్మాయి మెసేజ్ పెట్టాలి. చెప్పిన టైము దాటి 15 నిమిషాలైతే కోఆర్డినేటర్ (సంస్థలో డ్యూటీలు చూసే మనిషి) ఫోన్ చేయాలి. ఎత్తకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ చేయాలి. అప్పటికీ ఎత్తకపోతే పేషెంట్ ఇంటివాళ్లకు, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకి చేయాలి. అక్కడా జాడ తెలియకపోతే 112కి చేయాలి. ఈ వరస కాగితం మీద రాసి ఉందా అని అడగండి. ఆ కోఆర్డినేటర్ నంబరు తీసుకుని, అమ్మాయి చేరకముందే ఒక రాత్రి 11 గంటలకు మీరే ఫోన్ చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే ఆ సంస్థ సంగతి మీకు అక్కడే తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపమని మీరు అమ్మాయికి చెప్తారు కదా, అది ఒకసారి పెడితే ఎక్కువలో ఎక్కువ 8 గంటలే నడుస్తుంది. రాత్రి 8కి పెట్టింది తెల్లవారుజామున 4కి ఆగిపోతుంది, డ్యూటీ ఏమో ఉదయం 8 దాకా. కాబట్టి రాత్రి 2 ప్రాంతంలో మళ్లీ పెట్టాలి. పవర్ బ్యాంక్ తప్పనిసరి. ఫోన్ బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ (ఆపదలో సాయం కోరే ఏర్పాటు) ఆన్ చేయించండి. దానికి పవర్ బటన్ కొన్ని ఫోన్లలో మూడుసార్లు, కొన్నిట్లో ఐదుసార్లు వరసగా నొక్కాలి. తన ఫోన్‌లో ఎన్నిసార్లో అమ్మాయికి ముందే తెలిసుండాలి. ఎదుటివాళ్ల ముందే సాయం అడగాల్సి వస్తే ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. "ఆ బ్లూ ఫైల్ నా దగ్గర లేదండీ" అంటే ఇబ్బందిలో ఉన్నానని కోఆర్డినేటర్‌కు అర్థం కావాలి.

కొత్త ఇంటికి మొదటిసారి పగలు, సీనియర్‌తో కలిసి వెళ్లాలి. ఇంట్లో ఎవరెవరుంటారు, ఎవరికైనా తాగుడు అలవాటుందా, కుక్క ఉందా, పేషెంట్‌కు మతిమరుపు జబ్బు ఉందా, ఇవన్నీ కోఆర్డినేటరే ముందుగా కనుక్కుని చెప్పాలి. ఇక అమ్మాయి చూడాల్సింది తలుపు. బెంగళూరు ఫ్లాట్లలో చాలావాటికి చెక్క తలుపుతో పాటు గ్రిల్ కూడా ఉంటుంది. దానికి లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పెట్టేస్తుంటారు. "ఎమర్జెన్సీ అయితే ఆంబులెన్స్‌వాళ్లకు తలుపు తీయాలి కదండీ, చెవి తాళానికే ఉంచండి" అంటే ఎవరూ తప్పు పట్టరు. పని చేసేటప్పుడు తలుపు తన వెనక వైపు ఉండాలి, పేషెంట్ తనకూ తలుపుకూ మధ్యలో ఉండకూడదు. మారతహళ్లిలో తెలుగుతో రోజులు గడిచిపోతాయి గానీ, "సహాయ మాడి" (సాయం చేయండి), "బాగిలు తెగీరి" (తలుపు తీయండి) అనే రెండు కన్నడ మాటలు గట్టిగా అరవడం రావాలి.

ఇంటివాళ్ల కంటే పేషెంట్ చేతిలోనే ఎక్కువ దెబ్బలు తగులుతుంటాయి. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు చాలామందిలో సాయంత్రం పూట చిరాకు, భయం పెరుగుతాయి. స్నానం, డైపర్ మార్చడం లాంటివి పొద్దున్నే పెట్టుకోవడం మేలు. ఎదురుగా వచ్చి పేరు పెట్టి పిలిచి, చేయి చాపినంత దూరంలో ఆగాలి. వాదించకూడదు. ఉన్నట్టుండి కోపం పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఉన్నాయేమో చూడాలి. జుట్టు పట్టుకుంటే వెనక్కి లాక్కోకూడదు, ఆ చేతిని తన తలకేసి రెండు చేతులతో అదిమితే లాగడానికి వీలుండదు. మణికట్టు పట్టుకుంటే వాళ్ల బొటనవేలి వైపుకు తిప్పి విడిపించుకోవాలి. ఇవి చేరిన మొదటి వారంలోనే నేర్పించే సంస్థ అయితే మంచిది.

మంచం మీదున్న బరువైన పేషెంట్‌ను ఒక్కతే ఎత్తకూడదు. నడుము పాడయ్యేది అక్కడే. ఇంటివాళ్లలో ఒకరు చేయి వేయాలి, లేదా కింద దుప్పటి వేసి జరపాలి.

దొంగతనం నింద గురించి చాలామంది తల్లిదండ్రులు అడగరు, కానీ అడగాలి. పేషెంట్ ఒంటి మీదున్న గాజులు, గొలుసు, ఉంగరం డ్యూటీ మొదలయ్యేటప్పుడు ఇంటివాళ్ల ముందు రాసుకుని సంతకం పెట్టించుకోవాలి, దిగేటప్పుడు మళ్లీ అంతే. బీరువా తెరవమన్నా, ఏటీఎం కార్డుతో డబ్బు తెమ్మన్నా "మా సంస్థ ఒప్పుకోదండీ" అనాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం సంస్థకు ఇచ్చేయకండి, చూపించి జిరాక్సులు ఇస్తే చాలు.

ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే అక్కడే పని ఆపేసి బయటికి వచ్చేయాలి. అలా వచ్చేసినందుకు జీతంలో కోత పెట్టబోమని ఆఫర్ లెటర్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం నివాస గృహం కూడా పని ప్రదేశమే. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన 3 నెలల్లోగా అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. వేధించింది పేషెంట్ బంధువైనా సరే, పోలీసు కేసు పెడతానంటే సాయం చేయడం యజమాని బాధ్యత. "అది వాళ్లింటి విషయం" అని తప్పించుకోవడానికి లేదు.

జాయినింగ్‌కి నెల ఉంది కాబట్టి హెపటైటిస్-బి టీకా కార్డు వెతకండి. మూడు డోసులూ పడి ఉంటే యాంటీ-హెచ్‌బీఎస్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి, 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టే. అసలు వేయించుకోకపోతే మొదటిది ఈ వారమే వేయించండి, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టబోయి గుచ్చుకోవడమే మామూలుగా జరిగేది. అందుకే సూదులు వేసే గట్టి డబ్బా ప్రతి ఇంటికీ సంస్థే ఇవ్వాలి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే కోఆర్డినేటర్‌కు చెప్పి ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమని డాక్టరు అంటే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. అర్ధరాత్రి అలా జరిగితే ఏ ఆస్పత్రికి వెళ్లాలి, ఖర్చు ఎవరిది అన్నది ఇప్పుడే అడిగి, ఆ ఆస్పత్రి పేరు అమ్మాయి ఫోన్‌లో సేవ్ చేయించండి.