నగలు అతని పేరున, అనుమానం ఇద్దరి మీద

ప్రశ్న: నేను గుంటూరులో ఉపాధ్యాయురాలిని. మిర్చి వ్యాపారం చేసే ఒకరిని ప్రేమించాను. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి, ధర పెరిగాక అమ్ముదామంటే బ్యాంకు ద్వారా నాలుగు లక్షలు పంపాను. నా నగలను కూడా ఇస్తే, వాటిని తన పేరుతో కుదువ పెట్టారు. పెళ్లి మాట ఎత్తితే సరుకు ఇంకా అమ్ముడుపోలేదంటున్నారు. ఆయన భాగస్వామి మాత్రం సరుకు ఎప్పుడో అమ్మేశారని, నా డబ్బు కోసమే నాతో ఉన్నారని చెబుతూ, తాను నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నారు. దాచడమెందుకు, ఈయన మీద నాకూ మనసు పోతోంది. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరిలో ఎవరినీ నమ్మవలసిన అవసరం మీకు లేదమ్మా. సరుకు ఉంటే కోల్డ్ స్టోరేజీ వారిచ్చిన బాండు, అంటే నిల్వ రసీదు, ఉంటుంది, దాని మీద అప్పు తెచ్చి ఉంటే ఆ బ్యాంకు కాగితాలుంటాయి, అమ్మి ఉంటే కమీషన్ కొట్టు వారు అమ్మకం లెక్క రాసిచ్చిన పట్టీ ఉంటుంది. వాటిని చూపించమని నేరుగా అడగండి. ధర పడిపోయి నష్టం వచ్చిందని లెక్కలతో సహా ఒప్పుకునే మనిషి మోసగాడు కాడు. మిర్చి వ్యాపారంలో అది జరిగేదే. కాగితం అడిగినందుకు ప్రేమనే శంకిస్తున్నావని నిష్ఠూరమాడితే మాత్రం, ఆ జవాబును తేలికగా తీసుకోకండి.

ఇక ఆ భాగస్వామి మాటకొస్తే, సరుకు నిజంగా అమ్ముడుపోయి ఉంటే అందులో ఆయన వాటా ఆయనకూ అందే ఉండాలి కదా! అప్పుడు నోరు మెదపని వ్యక్తి, పెళ్లి ప్రస్తావనతో పాటే ఈ సంగతి బయటపెట్టడం నాకు మింగుడు పడటం లేదు. చెప్పింది నిజమే కావచ్చు, కానీ ఖాతా పుస్తకం ఆయన చేతిలోనూ ఉంటుంది కనుక ముందు దాన్ని చూపమనండి. ఆయన పట్ల కలిగిన ఆకర్షణకు మీరు సిగ్గుపడనక్కరలేదు. అయితే మొదటి వ్యక్తి మీది కోపమే దాన్ని పెంచుతోందేమో, బాకీ తేలేదాకా తెలియదు. అందాకా ఇద్దరిలో ఎవరికీ మాట ఇవ్వకండి, వడ్డీ కట్టాలన్నా మరో రూపాయి పంపకండి.

పంపిన సొమ్ముకు బ్యాంకు స్టేట్‌మెంటు ఆధారమవుతుంది, కానీ అప్పు ఇచ్చిన తేదీ నుంచి 3 సంవత్సరాలు దాటితే దావా వేయడం కష్టం కనుక, ఇప్పుడైనా మొదటి వ్యక్తి చేత రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రోనోటు రాయించుకోండి. ఆయన కాదంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు అక్కడ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి ఆ నగలు. తాకట్టు ఆయన పేరున ఉంది కనుక బాకీ తీరాక బ్యాంకు వాటిని ఆయనకే ఇస్తుంది. బాకీ తీర్చకపోతే వేలం నోటీసు కూడా ఆయనకే వెళుతుంది తప్ప మీ గడప తొక్కదు. గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఈ వారంలోనే అడిగి, తాకట్టు రసీదు నకలు తీసుకోండి.